టవరు వద్దన్న వదిన

మా అమ్మాయి బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి వరండాలో పడేస్తూనే, "అమ్మా, మా గ్రౌండులో స్విమ్మింగ్ పూల్ కడుతున్నారంట" అంది. నేను మిషను ముందు కూర్చుని ఎవరిదో పట్టుచీరకు ఫాల్ కుడుతున్నాను. ఆ బడిలో చేతులు కడుక్కోవడానికే కుళాయి సరిగ్గా రాదు, పూల్ ఎక్కడ కడతారులే అని నవ్వి ఊరుకున్నాను. మర్నాడు దాన్ని గేటు దాకా దింపడానికి వెళ్లి చూస్తే, పిల్లలు ఖోఖో ఆడే మూల చదరంగా గుంతలు తవ్వి ఉన్నాయి. చుట్టూ ఎర్రమట్టి గుట్టలు. వాచ్‌మన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సెల్ టవరంటమ్మా. నేను చెప్పానని మాత్రం అనబాకండి."

మేముండేది విజయవాడలో, గుణదల కొండకు వెనకవైపు సందులో. మా పుట్టింటివాళ్లది మగ్గాల ఊరు. చిన్నప్పటి నుంచీ నూలూ చీరలే చూసినదాన్ని కాబట్టి పెళ్లయి ఇక్కడికొచ్చాక కూడా ఆ పనే పట్టుకున్నాను. ఇంట్లోనే ఫాల్స్, పీకో కుడతాను. మా ఆయన వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్లో పనిచేస్తారు. బడి గేటు మా వాకిలికి ఎదురుగా ఉంటుంది. ఏడో తరగతి దాకా ఉన్న చిన్న ప్రైవేటు బడి. పెద్ద పెద్ద స్కూళ్ల బస్సులు మా సందులోకి తిరగవు, తిరిగినా మా పిల్లల్ని ఎక్కించలేం. అందుకని చుట్టుపక్కల వాళ్లమంతా ఆ బడినే నమ్ముకున్నాం.

మా సందుకు ఒక చిక్కు ఉండేది. కొండ అడ్డమై ఇళ్లల్లో ఫోన్లు పలికేవి కావు. మాట్లాడాలంటే డాబా ఎక్కాల్సిందే. కరోనా రోజుల్లో పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల కోసం నీళ్ల ట్యాంకుల నీడన వరసగా కూర్చునేవాళ్లు. ఎండ తిరిగితే వాళ్లూ తిరిగేవాళ్లు. అప్పుడు ఒక టవరు పడితే బాగుండునని అనుకోని ఇల్లు లేదు. ఆ పడేది పిల్లల నెత్తి మీదే పడుతుందని మాత్రం ఎవరమూ అనుకోలేదు.

ఆ రోజు గుంతల సంగతి చెప్పగానే పక్కింటి వదిన చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది. బియ్యం ఏరుతోంది. చెప్పులు వేసుకుని గేటు దగ్గరికి వెళ్లింది. ఊచలు పట్టుకుని ఆ మూలకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. తిరిగొచ్చి మా వరండా మెట్టు మీద కూర్చుంది.

"దీన్ని పడనివ్వకూడదమ్మాయ్" అంది. అంతే.

వదిన నాకు చుట్టం కాదు. నాకంటే పెద్దది, పక్కింట్లో అద్దెకుంటుంది, వాళ్లాయన్ను నేను అన్నయ్యగారూ అంటాను, కాబట్టి ఆవిడ వదిన. ఆయన లారీ డ్రైవరు. చేపల లోడు ఐసులో వేసుకుని హౌరా దాకా వెళ్లొస్తుంటాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు. ఆ బడిలోనే మూడో తరగతి చదువుతుండగా జ్వరం పట్టుకుంది. తగ్గడం, రావడం. చివరికి గుంటూరు తీసుకెళ్తే బ్లడ్ క్యాన్సరన్నారు. వదిన గుణదల మాత కొండెక్కి కొవ్వొత్తులు వెలిగించింది, ఇంద్రకీలాద్రి మెట్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. ఏడాది తిరిగేలోపు పిల్లాడు పోయాడు. ఆ తరవాత వదిన మాటలు తగ్గిపోయాయి. నా మిషను చప్పుడు వింటూ కూర్చునేది. నేను చీరలు మడతపెడుతుంటే ఒక కొస పట్టుకునేది.

ఆ మనిషి నోరు తెరవడం నేను మళ్లీ చూసింది టవరు విషయంలోనే.

దానికి కారణముంది. ఈ సందుకు రాకముందు వాళ్లు పటమటలో ఒక పైపోర్షన్‌లో ఉండేవాళ్లు. సరిగ్గా ఆ డాబా మీదే సెల్ టవరు. దాని వల్లే అద్దె తక్కువ. అన్నయ్య వద్దు వద్దంటున్నా వదినే పట్టుబట్టి అందులో దిగింది. పిల్లాడు పాకింది, నడిచింది ఆ గదిలోనే. రోగం పేరు తెలిసిన రోజు నుంచీ వదిన మనసులో ఒకటే మాట తిరుగుతోంది. నాతో ఒక్కసారే పైకి అంది: "నేనే పెట్టా కదమ్మాయ్ వాణ్ణి దాని కింద."

రెండు మూడు రోజుల్లోనే మా వరండా నిండిపోయింది. చీరలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు, పిల్లల్ని దింపి వెళ్లేవాళ్లు అందరూ అక్కడే ఆగేవారు. మా అందరిలోకి పెద్దది ఒకావిడ ఉండేది. బడి వెనక మూడంతస్తుల ఇల్లు ఆవిడదే. అందరం పిన్నిగారనేవాళ్లం. ఆవిడ పెద్దరికం తీసుకుని, "ముందు హెడ్‌మిస్ట్రెస్‌ని అడుగుదాం పదండి" అంది.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషి. మమ్మల్ని చూడగానే కుర్చీలోంచి లేచింది.

"నన్నడిగి చేసింది కాదండీ. కరస్పాండెంటుగారి నిర్ణయం. దాని మీద వచ్చే అద్దెతో పైన రేకులు తీసి శ్లాబు వేయిస్తామన్నారు. ఎండాకాలం పిల్లలు ఆ రేకుల కింద ఎట్లా ఉడికిపోతున్నారో మీకూ తెలుసుగా."

"ఎండకి ఉడికితే ఇంటికొస్తారు మేడమ్" అంది వదిన. హెడ్‌మిస్ట్రెస్ వదిన మొహం చూసి చటుక్కున తల దించుకుంది. పిల్లాడికి మూడో తరగతిలో లెక్కలు చెప్పింది ఆవిడే.

గొడవ ముదురుతోందని కరస్పాండెంటుగారు ఒక ఆదివారం పొద్దున మీటింగు పెట్టారు. ఆయన ఉండేది ఊరికి అవతల, బడికి వచ్చేది జెండా పండగలకే. కంపెనీ తరఫున ఒకాయన, ఆయనతో పాటు ఒక డాక్టరుగారు వచ్చారు. పిల్లల బెంచీల మీద మేమంతా ఇరుక్కుని కూర్చున్నాం. మొదట్లోనే కరస్పాండెంటుగారు మైకు అందుకుని, "పేరెంట్స్ మాత్రమే మాట్లాడండి. బయటివాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి బయట ఉండండి" అన్నారు. ఆ మాట ఎవరినుద్దేశించో తెలుస్తూనే ఉంది. ముందు వరసలో కూర్చున్న వదిన లేచి నిలబడింది.

"మీ పిల్లలు ఏ క్లాసమ్మా?" అని అడిగారాయన.

"మూడో క్లాసండి."

"ఇప్పుడు చదువుతున్నారా?"

"మూడో క్లాసులో ఆగిపోయాడండి. ఈ గదిలోనే కూర్చునేవాడు."

ఆయనకు అర్థం కాలేదు. హెడ్‌మిస్ట్రెస్ వంగి ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన మైకు బల్ల మీద పెట్టేశారు. ఇక ఎవరూ వదినను బయటికి పొమ్మనలేదు.

డాక్టరుగారు వయసులో చిన్నవాడు. కసిరే మనిషి కాదు. టవర్ల నుంచి వచ్చే తరంగాలకు ప్రభుత్వం పెట్టిన పరిమితి ఉంటుందనీ, ఆ పరిమితిలో ఉంటే క్యాన్సరు వస్తుందనడానికి ఇంతవరకూ రుజువు లేదనీ నెమ్మదిగా చెప్పాడు. నాకు ఆయన అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. వదిన మళ్లీ లేచింది.

"మేం టవరున్న డాబా కింద ఉన్నామండీ. మా బాబుకి బ్లడ్ క్యాన్సరొచ్చింది. పోయాడు. దానివల్ల కాదంటారా?"

"దానివల్లేనని చెప్పలేమమ్మా."

"మరి దేనివల్లండీ?"

డాక్టరు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు. "చిన్నపిల్లల్లో వచ్చే వాటికి చాలాసార్లు కారణం ఇదీ అని మాకూ తెలియదమ్మా" అన్నాడు.

"తెలీనప్పుడు ఇది కాదని మాత్రం ఎట్లా తెలిసిందండీ?"

గదంతా చప్పట్లు మోగాయి. వెనకనుంచి ఎవరో "అదీ మాటంటే!" అని అరిచారు. నేను వదిన పక్కనే ఉన్నాను. ఆవిడ చప్పట్లు కొట్టినవాళ్లకేసి చూడలేదు. డాక్టరుకేసే చూస్తోంది. గెలవడానికి అడిగిన ప్రశ్న కాదది. ఆయన నిజంగానే జవాబు చెబుతాడేమోనని నిలబడే ఉంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాకా నిలబడే ఉంది.

ఆ తరవాత బడి గేటు పక్కన టెంటు వేశాం. షామియానా పిన్నిగారు ఇప్పించింది. పొద్దున పిల్లలు లోపలికి వెళ్లినప్పటి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా వంతులవారీగా కూర్చునేవాళ్లం. వంతు లేకుండా రోజంతా కూర్చున్నది వదిన ఒక్కతే. "పిల్లల బడిలో టవరు వద్దు" అని మా అమ్మాయి చార్టు మీద రాసిన అక్షరాలు ఎండకు వెలిసిపోతే మళ్లీ దిద్దించేది. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లాలన్నా, కార్పొరేటరు ఇంటి ముందు నిలబడాలన్నా ముందు ఆవిడే. తల దువ్వుకోవడం మానేసిన మనిషి శుభ్రంగా జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరేది. నాకు లోపల సంతోషంగా ఉండేది. టవరు సంగతి ఎట్లా ఉన్నా, మనిషి లేచి తిరుగుతోంది కదా అనుకునేదాన్ని.

ఒక పొద్దున ఇనుప కమ్మీలు వేసుకుని లారీ వచ్చింది. సందు మొదట్లో అది మలుపు తిరుగుతుండగానే వదిన వెళ్లి రోడ్డు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వెనకే మేమూ కూర్చున్నాం. పిన్నిగారు మోకాళ్లు వంగక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చుంది. లారీ డ్రైవరు దిగి, "నా మీద కోపమెందుకమ్మా, నేను బండి తోలుకునేవాణ్ణి" అన్నాడు. వదిన అతనికి మంచినీళ్లు ఇప్పించింది. "మా ఆయన కూడా బండి తోలుకునేవాడే నాయనా. నువ్వు తాగి వెనక్కి తిప్పు" అంది. పోలీసులు వచ్చారు, బతిమాలారు, కేసులు పెడతామన్నారు. ఎవరమూ లేవలేదు. మధ్యాహ్నానికి లారీ వెనక్కి వెళ్లింది.

టెంటుకు రోజూ మంచినీళ్ల క్యాన్లు తెచ్చిపెట్టేది అన్నయ్య. ట్రిప్పు నుంచి వచ్చి పడుకోవాల్సిన మనిషి, భుజాన క్యాను పెట్టుకుని మోసుకొచ్చేవాడు. అందరికీ టీ పోయించేవాడు. వదిన పక్కన మాత్రం కూర్చునేవాడు కాదు. మగవాడు ఆడవాళ్ల మధ్య ఎందుకు కూర్చుంటాడులే అనుకున్నాను. ఒకనాడు సాయంత్రం ఖాళీ క్యాను పెట్టడానికి మా వరండాకు వచ్చాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను.

"చెల్లెమ్మా, నిన్నొకటి అడుగుతా. నీకు గుర్తుందిగా ఆ రోజు?"

నాకు గుర్తుంది. ఆయన ఏ రోజంటున్నాడో చెప్పక్కర్లేదు.

ఆస్పత్రివాళ్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాక పిల్లాడు కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. పాలు తాగాడు, టీవీ చూశాడు. ఒక్క ట్రిప్పు వెళ్లొస్తానని అన్నయ్య బయలుదేరాడు. ఆయన ఒరిస్సాలో ఉండగా పిల్లాడికి ఒక మధ్యాహ్నం ఊపిరి అందడం కష్టమైంది. "నాన్నతో మాట్లాడతా" అన్నాడు. వదిన వాడి తల ఒళ్లో పెట్టుకుని ఉంది, కదలలేదు. నేను ఫోను తీసుకుని డాబా మీదికి పరుగెత్తాను. కలిసింది. "అన్నయ్యా, లైన్లో ఉండండి, బాబు మాట్లాడతాడంట" అంటూ మెట్లు దిగాను. సగం మెట్లలో తెగిపోయింది. మళ్లీ ఎక్కాను. మళ్లీ కలిసింది. ఈసారి గుమ్మం దాకా తీసుకురాగలిగాను. పిల్లాడు "నాన్నా" అన్నాడు. అవతల నుంచి గరగరమని చప్పుడు, ఆ తరవాత అదీ లేదు. ఎన్నిసార్లు ఎక్కి దిగానో నాకే తెలీదు. వాణ్ణి మంచంతో సహా పైకి మోసుకెళ్దామని కూడా అనుకున్నాం. ఎవరినో పిలవడానికి నేను సందులోకి వెళ్లి వచ్చేసరికి వదిన నాకేసి చూసి, ఫోను ఇక అక్కర్లేదన్నట్టు తల ఊపింది.

"అప్పుడు సిగ్నల్ ఉండుంటే వాడి మాట నా చెవిన పడేది" అన్నాడు అన్నయ్య. "నేను లారీ పక్కకి ఆపి హలో హలో అని అరుస్తూనే ఉన్నా చెల్లెమ్మా. క్లీనరు ఫోను లాక్కునేదాకా అరిచా. ఇప్పుడది టవరొద్దంటోంది. నేనేం మాట్లాడను?"

"వదినతో చెప్పారా అన్నయ్యా?"

"చెప్పను. దాని ప్రాణం దేన్ని పట్టుకుని నిలబడిందో కనపడుతోందిగా." క్యాను మూత బిగించి మెట్లు దిగాడు. మర్నాడు మళ్లీ నీళ్లు తెచ్చాడు.

చివరికి మేమే గెలిచాం. కార్పొరేషన్ వాళ్లు వచ్చి కొలతలు తీసుకున్నారు, బడి ఆవరణలో పని ఆపమన్నారు. కంపెనీ వాళ్లు మిగిలిన సామాను పట్టుకుపోయారు. గుంతలు పూడ్చారు. పిల్లలు ఆ కొత్త మట్టి మీద గంతులు వేసి చదును చేశారు. పిన్నిగారు పూర్ణాలు వండించి పంచింది. అందరూ వదినను చుట్టుముట్టి ఫోటోలు దిగారు. వదిన నవ్వింది. పై పళ్లలో ఒకటి కొంచెం ముందుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అన్నేళ్ల పరిచయంలో ఆవిడ పూర్తిగా నవ్వడం నేను చూడలేదు.

టెంటు విప్పేశాక మర్నాడు పొద్దున అలవాటుగా జడ వేసుకుని, చీర మార్చుకుని మా వరండాకు వచ్చింది. కూర్చుంది. గేటుకేసి చూసింది.

"ఇప్పుడేం చేద్దామమ్మాయ్?" అంది.

చేయడానికి ఏమీ లేదు. పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయి, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. వదిన చీర కొస పట్టుకుని మడత పెట్టించడం మళ్లీ మొదలుపెట్టింది.

వేసవి సెలవుల తరవాత బడి తెరిచేనాటికి పిన్నిగారి ఇంటి మీద టవరు లేచింది. ఆ ఇంటి వెనక గోడ, బడి గోడ ఒకటే. మేం కాదన్న మూలకూ దానికీ మధ్య ఒక బాదం చెట్టు ఎడం. పిల్లలు బళ్లో లేని రోజుల్లో పని మొదలైంది, పైన ఇంకో గది వేస్తున్నారేమో అనుకున్నాం, చూస్తుండగానే అయిపోయింది. వదిన, నేను వెళ్లి అడిగాం. పిన్నిగారు మమ్మల్ని కూర్చోమంది, మజ్జిగ ఇచ్చింది.

"బడిలో వద్దన్నాం, పెట్టలేదు. ఇది నా ఇల్లు" అంది. "నేను దాని కిందే పడుకుంటున్నానమ్మా. నాకు లేని భయం మీకెందుకు?"

"మీరు రోడ్డు మీద కూర్చున్నారు కదా పిన్నిగారూ" అంది వదిన.

"కూర్చున్నా. అప్పుడు అందరూ కూర్చున్నారు, నేనూ కూర్చున్నా. ఎల్లకాలం కూర్చుంటామా ఏంటి?"

వదిన మజ్జిగ గ్లాసు ముట్టుకోలేదు. ఆ సాయంత్రం నుంచి మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. నేను వెంట వెళ్లాను. తలుపులు తీసినవాళ్లు మొహమాటంగా నవ్వారు. ఒకావిడ కుక్కరు పెట్టానంటూ లోపలికి వెళ్లి రాలేదు. చప్పట్లు కొట్టి "అదీ మాటంటే!" అని అరిచినాయన, "ప్రైవేటు బిల్డింగు కదమ్మా, మనమేం చేస్తాం?" అన్నాడు. ఇంకో ఇంట్లో కొత్తగా పెళ్లయిన అమ్మాయి నెమ్మదిగా, "ఏమనుకోకండి ఆంటీ, మా ఆయనకి ఇంట్లోంచి పని చేసుకోడానికి వీలవుద్దని ఎదురుచూస్తున్నాం" అంది. హెడ్‌మిస్ట్రెస్ గేటు దగ్గర కనిపించి వదిన రెండు చేతులూ పట్టుకుంది. బడి రేకులు అట్లాగే ఉన్నాయి.

ఆఖరి ఇంటి మెట్లు దిగుతూ వదిన, "ఎవరూ రారుగా?" అని అడిగింది.

"రారు వదినా."

టవరు పనిచేయడం మొదలయ్యాక సందంతా పండగలా ఉంది. వంటింట్లో ఫోను పలుకుతోందని ఒకరు, స్నానాల గదిలో కూడా పలుకుతోందని ఒకరు. మా ఆయన మంచం మీద పడుకుని కొట్టువాళ్లతో మాట్లాడుకున్నారు. నా ఫోను కూడా మిషను పక్కనే మోగేది. నాకు అది హాయిగానే ఉండేది, ఆ హాయి వదినకు కనపడకూడదని కూడా ఉండేది. మా అమ్మాయి సాయంత్రం బాదం చెట్టు కింద ఆడుకుంటుంటే మాత్రం తల ఎత్తి పైకి చూసేదాన్ని. చూసి ఏం చేయాలో తెలియక లోపలికి వచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం వదినకు కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్లాను. పిల్లాడి మంచం మీద బట్టలు మడతపెడుతోంది. నేనూ ఒక పక్క కూర్చున్నాను. ఎక్కడో పాట మోగింది. ఇద్దరం అటూ ఇటూ చూశాం. ఆ ఇంట్లో ఫోను మోగడం అప్పటిదాకా ఎవరమూ వినలేదు. ఆవిడ ఫోను డాబా మీదికి తీసుకెళ్తే తప్ప పలకని వస్తువుగానే ఇన్నాళ్లూ పడి ఉంది. బట్టల కింద నుంచి తీసి చూస్తే అన్నయ్య నంబరు. వదిన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది.

"ఎత్తండి వదినా" అన్నాను.

ఎత్తింది. అవతల అన్నయ్య ఏం చెప్పాడో గానీ, వదిన గొంతు ఎవరిదోలా వచ్చింది.

"ఆఁ. వినపడుతోంది. బాగా వినపడుతోంది." కాసేపాగి, "ఇంట్లోంచే. మంచం దగ్గర నుంచే" అంది.

తరవాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఫోను మాత్రం పెట్టేయలేదు. అవతల లారీ ఇంజను చప్పుడు నాక్కూడా వినిపిస్తోంది. ఆ చప్పుడు కొంచెంసేపటికి ఆగిపోయింది, బండి పక్కకు ఆపినట్టున్నాడు. నేను జాకెట్లు మంచం మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఆ రోజు మిషను తొక్కలేకపోయాను.

ఆ తరవాత ఎక్కువ కాలం వాళ్లు మా సందులో లేరు. అన్నయ్య దూరం ట్రిప్పులు మానేశాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక లారీ ఆఫీసులో పని దొరికింది. సామాను కట్టేటప్పుడు మంచం ఎవరికైనా ఇచ్చేద్దామని ఆయన, వద్దని ఆవిడ కాసేపు వాదించుకున్నారు. మంచం లారీ ఎక్కింది. వెళ్లేటప్పుడు వదిన బడి గేటు దగ్గర ఆగలేదు. మా అమ్మాయిని మాత్రం దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

కిందటేడు ఏలూరులో పెళ్లికి వెళ్లి వస్తూ హనుమాన్ జంక్షన్‌లో దిగాను. అన్నయ్య మోటారు సైకిలు మీద వచ్చి తీసుకెళ్లాడు. హైవే నుంచి కొంచెం లోపలికి, చేల పక్కన రెండు గదుల ఇల్లు. వదిన చిక్కిపోయింది. జుట్టు బాగా నెరిసింది. వంకాయ కూర, పప్పుచారు చేసింది. తింటున్నంతసేపూ మా సందు కబుర్లు ఒక్కటీ అడగలేదు. నేనే చెప్పాను, బడిలో పిల్లలు తగ్గారని, హెడ్‌మిస్ట్రెస్ రిటైరైందని, మా అమ్మాయి హైస్కూలుకు వెళ్తోందని. "బాగుందా? బాగా తింటోందా?" అని మా అమ్మాయి గురించే రెండుసార్లు అడిగింది.

అన్నయ్య ఆఫీసుకు వెళ్లాక పెరట్లో కూర్చున్నాం. వదిన గోంగూర గిల్లుతోంది. నేనూ ఒక కట్ట తీసుకున్నాను.

"ఆ డాక్టరబ్బాయి అన్నది నిజమేనంటావా అమ్మాయ్?" అంది, తలెత్తకుండానే.

"నాకేం తెలుసు వదినా? అబద్ధం చెప్పే మనిషిలా లేడు."

"నిజమైతే నా తప్పు లేనట్టేగా?"

"మీ తప్పేముంది వదినా. ఎప్పుడూ లేదు."

"మరి ఎందుకు పోయాడు?"

ఆకు గిల్లడం ఆపి నాకేసి చూసింది. మీటింగులో డాక్టరును చూసినట్టే చూసింది. నేను ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. దేవుడనో, రాతనో. ఆ మాటలు ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో గుర్తొచ్చి మానుకున్నాను. కాసేపు చూసి, వదిన మళ్లీ గోంగూర అందుకుంది.

సాయంత్రం అన్నయ్య వచ్చి బస్సు ఎక్కించాడు. ఆ రద్దీలో సీటు దొరకలేదు. రాడ్డు పట్టుకుని నిలబడి కిటికీలోంచి చూస్తే, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. చెయ్యి ఊపాడు. బస్సు కదిలింది. గన్నవరం దాటాక ఎవరో దిగితే కూర్చున్నాను.